వేయని చీటీ

వాడి కబీర్, మస్కట్
మార్చి 2015

వదినగారికి అబిగైలు వందనాలు.

మొన్న ఫోన్లో మీరు "తమ్ముడికి ఏంటంటా?" అని గుచ్చి గుచ్చి అడుగుతుంటే "ఆ, ఆ, తర్వాత చెప్తానండి" అని పెట్టేశాను. కోపం వచ్చే ఉంటుంది. ఏం చెయ్యమంటారు? మాది రెండు గదుల ఫ్లాటు. నేను వంటగదిలో గిన్నె కింద పెడితే మంచం మీదున్న ఆయనకి వినిపిస్తుంది. అందుకే ఉత్తరం. మా వార్డు సిస్టరు ఒకామె సెలవు మీద పాలకొల్లు వస్తోంది, ఆమె చేతికిస్తున్నాను.

మీ తమ్ముడికి కడుపులో కుడిపక్క బరువుగా ఉందంటే ముందు గ్యాస్ అనుకున్నాం. వర్క్‌షాపులో ఏసీ యూనిట్లు ఎత్తీ ఎత్తీ కండరం పట్టిందని ఆయన అనుకున్నారు. నేనే బలవంతాన స్కాన్ తీయించాను. కాలేయంలో గడ్డ ఉంది వదినా. ఒకటే గడ్డ, పదకొండు సెంటీమీటర్లు. క్యాన్సరు. ఎప్పుడో చిన్నతనంలో పట్టిన హెపటైటిస్ బి లోపల ఉండిపోయి ఇంత పని చేసిందట. రాసేశాను.

ఇక డాక్టర్ల సంగతి వినండి. పద్దెనిమిదేళ్ళ నుంచి ఇదే ఆసుపత్రిలో డ్యూటీ చేస్తున్నాను, అందరూ తెలిసినవాళ్ళే కదా అని ఒక్కొక్కరినీ పట్టుకుని అడిగాను. ఆపరేషన్ డాక్టరేమో కుడివైపు కాలేయం గడ్డతో సహా కోసి తీసేద్దాం, పూర్తిగా పోయే అవకాశం దానికే ఉంది అంటాడు. స్కానింగు విభాగం డాక్టరేమో కత్తి ఎందుకు, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి గడ్డ దగ్గరే మందు వదిలి దానికి రక్తం అందకుండా చేద్దాం అంటాడు. పోతుందా అంటే పోదు, అదుపులో ఉంటుంది, మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. క్యాన్సరు డాక్టరు మాత్రలు వేసి చూద్దాం అంటాడు. సూదితో కాల్చే వైద్యం చిన్న గడ్డలకేనట. వేరేవాళ్ళ కాలేయం పెడతారా అంటే ఇంత పెద్ద గడ్డకి పెట్టరట. ఎవరి కొట్టు వాళ్ళు తెరుచుకుని కూర్చున్నారు! ముగ్గురి గదులూ ఒకే వరండాలో ఉన్నాయి, ఒకరి మొహం ఒకరు చూసుకుని మాట్లాడుకోవడానికి ఏం రోగం?

నా మనసు ఆపరేషన్ మీదే ఉంది. గడ్డ ఒక్కటే ఉంది, పెద్ద నాళాల్లోకి పాకలేదు, మనిషి గట్టిగా ఉన్నాడు. ఎడమవైపు కాలేయం కొంచెం చిన్నదన్నారు, దానికీ ఏదో ఉపాయం ఉందట.

ఒక్క మాట. ఆయనకి కొవ్వు గడ్డ అని చెప్పాను. క్యాన్సరని తెలిస్తే ఆ రోజే సగం చచ్చిపోతారు. మా మెర్లిన్‌కి కూడా తెలీదు, దానికి ఈ నెలలో పదో తరగతి పరీక్షలు. మీకొక్కరికే రాస్తున్నాను. ఎవరి దగ్గరా నోరు జారకండి, మీ కాళ్ళు పట్టుకుంటాను.

అబిగైలు

*

పాలకొల్లు
ఏప్రిల్ 2015

అబిగైలూ,

నీ ఉత్తరం చదువుతూ పొయ్యి మీద కూర మాడిపోయిన సంగతి చూసుకోలేదు. ఇంట్లో నల్లగా పొగ, నా కళ్ళల్లో నీళ్ళు, ఏది దేనివల్లో తెలియలేదు. నా తమ్ముడికి క్యాన్సరేమిటి? ముప్ఫై రెండేళ్ళు బడిలో పాఠాలు చెప్పాను, ఎంతమందికో ధైర్యం చెప్పాను. ఇప్పుడు నాకు చెప్పేవాళ్ళెవరు?

ముందు నా కడుపుమంట రాసేస్తాను. కాలేయం అనగానే మన వీధి చివరావిడ, పేరు రాయను, నీకు తెలుసు, "గల్ఫులో మందు దొరుకుతుందేంటండీ?" అని మూతి తిప్పింది. తాగి తెచ్చుకున్నాడట! నా తమ్ముడు పెళ్ళిళ్ళలో కూడా ఆ గ్లాసు వంక చూసినవాడు కాదు. అక్కడే దులిపేశాను. "మీ ఆయనకి కాలేయం ఇంకా ఎలా మిగిలిందో అది చెప్పండి ముందు" అన్నాను. తలుపేసుకుంది.

సరే, అసలు సంగతి. నువ్వు రాసిన మూడు దారుల గురించి రాత్రంతా ఆలోచించాను. డాక్టర్లకే ఒక మాట లేనప్పుడు మనమెవరం? అందుకని స్త్రీల సమాజం వాళ్ళం ఉపవాసం ఉండి ప్రార్థన చేశాం. చివరి రోజు చీట్లు వేశాం. మన పెద్దలు పొలం పంచుకున్నప్పుడు, సంబంధం తేలనప్పుడు వెయ్యలేదా చీట్లు? కళ్ళు మూసుకుని పాస్టరమ్మగారు తీశారు. మాత్రలని వచ్చింది. అందరం ఒక్కసారే స్తోత్రం అన్నాం. నాకు గుండెల మీంచి బండ దించినట్టయింది.

కాబట్టి మాత్రలే మొదలుపెట్టించు. ఇంక ఆ డాక్టరు, ఈ డాక్టరు అని తిరగకు. తమ్ముడితో కూడా ఫోన్లో అన్నాను. భయపడకు, జబ్బు పేరు చెప్పలేదు. "డాక్టరు మాత్రలిస్తే వేసుకో, ఎవరైనా ఆపరేషన్ అంటే మాత్రం ఒప్పుకోకు" అన్నానంతే. "కొవ్వు గడ్డకి ఇంత హడావిడి ఏంటక్కా?" అని నవ్వాడు. వాడి నవ్వు విని ఫోను పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను.

మణికుమారి

*

వాడి కబీర్
ఏప్రిల్ 2015

వదినగారూ,

ఇవాళ వందనాలు లేవు. రాస్తే అబద్ధమవుతుంది.

ఎవరికీ చెప్పొద్దని మీ కాళ్ళు పట్టుకున్నాను. మీ ఉత్తరంలో మీరే రాశారు, వీధి చివరావిడ మూతి తిప్పిందని. ఆవిడకెలా తెలిసింది? స్త్రీల సమాజమంటే ఎంతమంది? పాస్టరమ్మగారు, వాళ్ళ అక్క, వాళ్ళ అక్క ఫోనులో వాట్సాప్ గ్రూపు. ఆ గ్రూపులోంచి ఎక్కడికెళ్ళిందో చెప్తాను, కూర్చుని చదవండి.

ఇక్కడ మాకు శుక్రవారం ఆరాధన. రూవిలో చర్చి ఆవరణలో మన తెలుగువాళ్ళకి ఒక హాలు ఇస్తారు. మొన్న శుక్రవారం మగవాళ్ళ వైపు మూడో వరసలో ఆయన, ఆడవాళ్ళ వైపు నేనూ మెర్లినూ. విజ్ఞాపన ప్రార్థనలప్పుడు నరసాపురం ఇస్రాయేలుగారు లేచి నిలబడ్డారు. మంచివాడే పాపం, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. "తండ్రీ, కాలేయ క్యాన్సరుతో మరణపు అంచున ఉన్న నీ బిడ్డ స్యాంని ముట్టు తండ్రీ" అన్నారు. హాలంతా "ఆమేన్" అంది.

ఆయన కూడా అన్నారు వదినా. కళ్ళు మూసుకుని, అందరికన్నా గట్టిగా. ఎవరో పరాయివాడి కోసం అనుకుని అన్నారు. ఆ తర్వాత పేరు తట్టి కళ్ళు తెరిచారు. మా సంఘంలో స్యాం అనే పేరు ఇంకెవరికీ లేదు. తల తిప్పి నా వంక చూశారు. నేను తల దించుకున్నాను. దాంతో ఆయనకి అంతా తెలిసిపోయింది.

ట్యాక్సీలో ఇంటికొచ్చాం. తాళం తీస్తుంటే "కొవ్వు గడ్డా?" అన్నారు. అంతే. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. మెర్లిన్ గదిలో తలుపేసుకుని ఏడుస్తోంది. మొగుడికి, కూతురికి చెప్పాల్సిన మాట నా నోటితో చెప్పుకునే వీల్లేకుండా చేశారు మీరు. మీ ప్రార్థనల మీద నాకు కోపం లేదు, మీ నోళ్ళ మీద కోపం!

ఇక మీ చీటీ. మాత్రలు ఎవరికిస్తారో తెలుసా? కొయ్యడానికి వీల్లేనివాళ్ళకి, గొట్టంతో చెయ్యడానికి కూడా వీల్లేనివాళ్ళకి. అవి గడ్డని తియ్యవు, కొన్ని నెలలు ఆపి ఉంచుతాయి. అరిచేతులూ అరికాళ్ళూ పగులుతాయి, విరేచనాలు పట్టుకుంటాయి. ఇంకో దారి లేనప్పుడు అదే మహాభాగ్యం, కాదనను. దారి ఉన్నవాడికి అది ఎందుకు? ఉన్నవాటిలో అన్నిటికన్నా బలహీనమైనదాన్ని దేవుడు ఏరి తీసి మీ పాస్టరమ్మగారి చేతిలో పెట్టాడంటే నేను నమ్మను. చీట్లు ఎన్ని వేశారు? దేని మీద ఏం రాశారు? నాకు సమాధానం కావాలి.

అబిగైలు

*

పాలకొల్లు
మే 2015

అబిగైలూ,

నన్ను కడిగేశావు. కడుగు. వాట్సాప్ సంగతి నా తప్పే, పాస్టరమ్మగారింటికెళ్ళి వాళ్ళక్కని కూడా నిలబెట్టి అడిగాను. "ప్రార్థన కోసమేగా పెట్టాం" అంటుంది, పైగా నేనేదో కృతజ్ఞత లేనిదాన్నయినట్టు. ప్రార్థనకి ఊరూ పేరూ జబ్బూ అన్నీ కావాలా? దేవుడికి అడ్రసు తెలియదా?

చీట్లు అడిగావు. మూడు వేశాను. ఒకటి మాత్రలు, ఒకటి గొట్టం, ఒకటి హైదరాబాదులో ఇంకో డాక్టరుకి చూపించడం. ఆపరేషన్ చీటీ వెయ్యలేదు. వెయ్యను కూడా. ఇంకోసారి వేసినా వెయ్యను. దేవుణ్ణి మోసం చేశానంటావా, అను. ఆ ఒక్కటీ ఆయన చేతికిచ్చే ధైర్యం నాకు లేదు.

నువ్వు మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మా నాన్న లేడు. పేగులో ఏదో అడ్డం పడిందని తణుకు తీసుకెళ్ళాం. నడుచుకుంటూ వెళ్ళాడు మనిషి. వరండాలో నాతో వేళాకోళం కూడా ఆడాడు, "వచ్చాక రొయ్యల ఇగురు చెయ్యి, ఉప్పు తగ్గించు" అని. "గంటలో బయటికి తెచ్చేస్తాం పాపా" అని స్ట్రెచరు తోసుకెళ్ళారు. తెచ్చారు. మొహం మీద గుడ్డ కప్పి తెచ్చారు. స్యాం అప్పటికి తొమ్మిదో తరగతి. వాడు సైకిల్ మీద వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ తలుపులోంచి ఇంకొకణ్ణి పంపమంటే నా వల్ల కాదు.

నన్ను అడిగావు కదా, ఇప్పుడు నేను అడుగుతాను. నర్సువి నువ్వు. ఊళ్ళోవాళ్ళందరికీ జబ్బు వివరంగా చెప్పి, ఇదీ ప్రమాదం, ఇదీ లాభం అని చదివి వినిపించి గానీ లోపలికి పంపరు మీరు. కట్టుకున్నవాడికి కొవ్వు గడ్డ అని చెప్తావా? వాడేమైనా చంటిపిల్లాడా? ఇంకొకటి. ఆపరేషన్‌లో ప్రమాదం ఎంతని డాక్టరు అన్నాడో నీ మొదటి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. "ఎడమవైపు కొంచెం చిన్నది, ఏదో ఉపాయం ఉందట" అని తేల్చేశావు. బడిపిల్లలు రాని లెక్కని ఇలాగే తుడిచి పక్కకి జరుపుతారు. నేను టీచర్ని, నాకు తెలీదా? ఏం దాచావో రాయి.

మణికుమారి

*

వాడి కబీర్
మే 2015

వదినగారూ,

అవును, దాచాను. "మిగిలిన కాలేయం సరిపోకపోతే మనిషి మిగలడు, వందలో అయిదుగురో ఆరుగురో ఆసుపత్రి దాటి రారు" అన్నాడు సర్జన్. ఆ ముక్క రాస్తే మీరు ఆపేస్తారని రాయలేదు. మీరు చీటీ వెయ్యలేదు, నేను మాట రాయలేదు. ఇద్దరం ఒక్కటే చేశాం, ఒప్పుకోవడానికి నాకు ఒళ్ళు మండుతోంది.

మీ తమ్ముడు మొన్న పొద్దున్నే నా బీరువాలోంచి స్కాన్ ఫిల్ములు తీసుకుని, వర్క్‌షాపుకి సెలవు పెట్టి, నాతో చెప్పకుండా మా ఆసుపత్రికే వెళ్ళారు. నేను డ్యూటీలో ఉన్నాను. నా వార్డు ముందు నుంచే వెళ్ళారు, పలకరించలేదు. అందరిలా టోకెన్ తీసుకుని కూర్చున్నారట.

సాయంత్రం ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నారు. ఇన్నాళ్ళకి అదే మొదటి మాట. తిన్నాక "మా అక్క రాసిన ఉత్తరాలు ఇలా ఇయ్యి. నువ్వు రాసినవి ఏం రాశావో చెప్పు" అన్నారు. దాచకుండా చెప్పాను. అంతా విని "ఈసారి నేను రాస్తాను" అన్నారు.

అబిగైలు

*

వాడి కబీర్
జూన్ 2015

అక్కా,

మీ ఇద్దరి పోట్లాటా మొత్తం తెలుసుకున్నాను. నా కాలేయం గురించి మీరిద్దరూ ఇన్ని పేజీలు రాసుకున్నారు. వీధి చివరావిడ ఉంది, పాస్టరమ్మగారి అక్క ఉంది, ఇస్రాయేలు గొంతు కూడా ఉంది. "స్యాం ఏమంటాడు?" అన్న మాట ఎక్కడన్నా ఉందా అని వెతికాను. లేదు. నలభై ఎనిమిదేళ్ళ మగాణ్ణి, నాకు క్యాన్సరని నాకు తప్ప పాలకొల్లుకీ రూవికీ తెలుసు. నా చావు కోసం నేనే ఆమేన్ చెప్పుకున్నట్టయింది అక్కా! ఆ హాల్లో నాకు భయం తర్వాత వేసింది, ముందు సిగ్గేసింది.

ఆసుపత్రిలో ఏమైందో చెప్తాను. సర్జన్ ఒమానీ ఆయన, నెమ్మదస్తుడు. హిందీలో మాట్లాడాడు. మీ ఉత్తరాల సంగతి తెలిశాక మర్నాడు మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాను. "మీ ముగ్గురూ మూడు మాటలు చెప్పారంట, ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడానికి మీకేం అడ్డం?" అని గట్టిగానే అడిగాను. ఆయన కోప్పడలేదు. "ప్రతి ఆదివారం కూర్చుంటాం. నీ పేరు ఆ మీటింగుకి రాలేదు. సిస్టర్ అబిగైల్ వరండాలో ఆపి అడిగింది, తెలిసినామె కాబట్టి నిలబడి నాకు తోచింది చెప్పాను. మిగతావాళ్ళూ అంతే చేసి ఉంటారు" అన్నాడు. విన్నావా? నీ మరదలు తెలిసినవాళ్ళే కదా అని అడ్డదారిన తిరిగింది. ఆ తెలిసినతనం వల్లే నేను లైన్లోకి రాలేదు. అది చెప్తే ఇంట్లో ఏడ్చింది. ఏడవనీ అనుకున్నాను, కాసేపయ్యాక నేనే నీళ్ళిచ్చాను.

ఆ ఆదివారమే నా పేరు పెట్టారు. ముగ్గురూ కలిసి కూర్చున్నారు. తర్వాత నన్ను పిలిచి తెర మీద నా కాలేయం చూపించారు. గడ్డ కొబ్బరికాయంత ఉంది. నేను అడగాల్సినవి అడిగాను. మాత్రలు వేసుకుంటే ఏమవుతుంది? కొన్ని నెలలు కలిసొస్తాయి, అవి కూడా చేతులు కాళ్ళు పగిలిన నెలలు. గొట్టంతో చేస్తే? గడ్డ కుంచించుకుపోవచ్చు, ఇంత పెద్దది పూర్తిగా చావదు, మళ్ళీ మళ్ళీ రావాలి, కాని పెద్ద కోత లేదు. కోస్తే? గడ్డ మొత్తం పోతుంది, తిరిగి రాదని మాత్రం ఎవరూ రాసివ్వరు, సగంమందికి పైగా మళ్ళీ వస్తుంది. అసలు భయం ఎడమవైపు చిన్నదిగా ఉండటం. దానికి వాళ్ళు చెప్పిన ఉపాయం ఇది. కుడివైపుకి రక్తం తెచ్చే పెద్ద నాళాన్ని ముందే మూసేస్తారు. అప్పుడు రక్తం ఎడమవైపుకి మళ్ళి అది పెరుగుతుంది. కొన్ని వారాలయ్యాక కొలుస్తారు. చాలినంత పెరిగితే ఆపరేషన్. పెరగకపోతే కత్తి మాటే లేదు, గొట్టం దారిలో వెళ్తారు.

"ఈ మాట మొదటిరోజే ఎవరన్నా నాకు చెప్తే ఇన్ని రోజులు పోయేవి కాదు కదా?" అన్నాను.  అబిగైలు నా పక్కనే ఉంది. అది కూడా వింది.

నేను అడిగిన చివరి ప్రశ్న, మీ ఉత్తరాల్లో ఎక్కడా లేనిది. "నా వయసువాడు మీ తమ్ముడైతే ఏం చేస్తారు?" అన్నాను. సర్జన్, "తమ్ముడైతే నాకు బుద్ధి పనిచెయ్యదు. అందుకే తమ్ముణ్ణే నిర్ణయించుకోమంటాను" అన్నాడు. నువ్వే గుర్తొచ్చావక్కా.

నేను నిర్ణయించుకున్నాను. నాళం మూయించుకున్నాను. రెండు రోజులు జ్వరం, కుడిపక్క సలుపు, అంతే. నిన్న కొలిచారు. ఎడమవైపు పెరిగింది. చాలినంత పెరిగిందని ముగ్గురూ ఒకే మాట చెప్పారు. వచ్చే వారం ఆపరేషన్. ఇక్కడే, మస్కట్‌లోనే. మెర్లిన్‌ని కూర్చోబెట్టి నా నోటితో నేనే చెప్పాను. బతకొచ్చు, బతక్కపోవచ్చు అని కూడా చెప్పాను. అది ఏడ్చి, మొహం కడుక్కుని, టీ పెట్టి తెచ్చింది.

నీకు కోపం వస్తుందని తెలుసు. రానీ. ఒక్కటి మాత్రం విను. నాన్న ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టింది నువ్వేనని నాకు తెలుసు. సైకిల్ ఆపి వరండాలోకి వచ్చేసరికి నీ వేళ్ళకి ఇంకా ఇంకు ఉంది, పమిటకి తుడుచుకుంటున్నావు. నాన్న స్పృహలో ఉన్నాడు, నీతో నవ్వుతూ మాట్లాడాడని నువ్వే రాశావు. చదువు వచ్చినవాడు. అయినా ఆ కాగితం ఆయన చేతికి ఇవ్వలేదు, పెద్దాయన భయపడతాడని. పెళ్ళి కాని పిల్లవి, నీ చేత పెట్టించారు. ఇన్నేళ్ళూ ఆయన్ని నువ్వే చంపినట్టు మోసుకుంటూ తిరిగావు, ఒక్కరోజు కూడా ఎవరితో చెప్పుకోలేదు. నాకూ అడగడం చేతకాలేదు.

నిన్న నా కాగితం నా చేతికే ఇచ్చారు. అరబ్బీలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. అర్థం కాని చోటల్లా ఆపి అడిగాను, అబిగైలు చెప్పింది, ఈసారి ఏదీ దాచలేదు. రెండింటి మీదా నేనే సంతకం పెట్టాను. ఎటు తిరిగినా ఇది నా పని, నేను ఒప్పుకుని చేసుకున్నది. నీది కాదు, అబిగైలుది కాదు. నేను మంచం మీద పడుకున్నాక ఎవరైనా నీ చేతికి పెన్ను ఇవ్వబోతే తీసుకోకు.

విజిట్ వీసాకి కాగితాలు పంపాను. కోపం తగ్గాక రా. తగ్గకపోయినా రా.

నీ తమ్ముడు
స్యాం